మీ కుక్కకు ఏ సైజు పరుపు కావాలి? బ్రీడు పేరు పక్కన పెట్టి టేపు తీయండి

కుక్కకు పరుపు కొనేటప్పుడు చాలామంది చూసేది రెండే, రంగు బాగుందా, ధర ఎంత. సైజు దగ్గరికొచ్చేసరికి "మనది ల్యాబ్రడార్ కదా, లార్జ్ పెట్టేద్దాం" అని ఆర్డర్ ఇచ్చేస్తారు. తీరా అది ఇంటికొచ్చాక తల, ముందుకాళ్లు పరుపు మీద, నడుము నుంచి వెనకంతా నేల మీద. కొన్నాళ్లకు కుక్క అసలు పరుపు ఎక్కడమే మానేస్తుంది, మనమేమో "మా వాడికి పరుపు అలవాటు లేదండీ" అని చెప్పుకుంటాం. అలవాటు లేక కాదు, పట్టక.

ఎస్, ఎమ్, ఎల్, ఎక్స్ఎల్ అనే అక్షరాలకు కుక్కల పరుపుల్లో అందరూ పాటించే కొలత అంటూ ఏదీ లేదు. ఒక కంపెనీ లార్జ్ 30 అంగుళాల పొడవుంటే ఇంకో కంపెనీ లార్జ్ 42 ఉంటుంది. "ల్యాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్‌కు సరిపోతుంది" అని రాసి ఉన్నా దాన్ని నమ్మి కొనేయకండి, ఎందుకంటే ఒక్క ల్యాబ్‌లోనే ఆడది 25 కిలోల దగ్గర ఆగిపోవచ్చు, మగది 36 దాకా వెళ్లొచ్చు, మన ఇళ్లలో పెరుగన్నం, బిస్కెట్లు తిని 40 దాటినవీ కనిపిస్తాయి. బరువును బట్టి సైజు చెప్పే చార్టులతోనూ ఇదే చిక్కు. బొద్దుగా పెరిగిన 16 కిలోల బీగిల్, 16 కిలోల నాటు కుక్క తూకంలో సమానమే, కానీ నాటు కుక్కకు కాళ్లు బారెడుంటాయి, పక్కకు తిరిగి చాపిందంటే బీగిల్‌కు సరిపోయిన పరుపు దీనికి సగం కూడా కాదు.

అందుకే కొలవాలి. అదీ నిలబడ్డప్పుడు కాదు, పడుకున్నప్పుడు.

కుక్క పడుకునే తీరు రోజంతా ఒకేలా ఉండదు. చలిగా ఉంటే ఒంటి వేడి పోకుండా ముక్కును తోక దగ్గరికి తెచ్చుకుని చుట్టలా ముడుచుకుంటుంది, వేడిగా ఉంటే పక్కకు పడి నాలుగు కాళ్లూ బారజాపుతుంది, బాగా నమ్మకం కుదిరిన ఇంట్లో అయితే వెల్లకిలా కూడా పడుకుంటుంది. డిసెంబరు పొద్దున ముడుచుకున్న కుక్కను చూసి అంచనా వేసి పరుపు కొంటే, ఫిబ్రవరి నుంచి దానికి కాళ్లు పెట్టుకోవడానికి చోటుండదు. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు వేడే కాబట్టి కొలత ఎప్పుడూ కాళ్లు చాపిన భంగిమదే తీసుకోండి. మధ్యాహ్నం తిని ఫ్యాను కింద గాఢంగా నిద్రపోయే వేళ దీనికి బాగుంటుంది.

స్టీలు టేపు లాగితే ఆ చప్పుడుకి లేచి కూర్చుంటుంది, పైగా ఆడుకోవడానికి పిలిచారనుకుంటుంది. దర్జీ టేపు వాడండి, లేదా ఇంకా తేలిక పని, ఒక సుద్దముక్క తీసుకుని ముక్కు కొస దగ్గర ఒక గీత, తోక మొదలయ్యే చోట ఒక గీత, వీపు వెంబడి ఒకటి, చాచిన కాళ్ల గోళ్ల దగ్గర ఒకటి గీసి, అది లేచి వెళ్లాక తీరిగ్గా కొలుచుకోండి. తోకను లెక్కలోకి తీసుకోవద్దు, అది బయటికి వేలాడినా ఏమీ ఇబ్బంది లేదు. ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న దానికి పెద్ద కుక్క అయితే 6 నుంచి 8 అంగుళాలు, పగ్, షిట్జూ లాంటి చిన్నవైతే 4 నుంచి 6 అంగుళాలు కలిపితే పరుపు పొడవు. వీపు నుంచి గోళ్ల దాకా ఉన్న దానికి ఒక 4 అంగుళాలు కలిపితే వెడల్పు. ఆ అదనం ఎందుకంటే, కుక్క పడుకునే ముందు గుండ్రంగా తిరుగుతుంది, పడుకున్నాక రెండు మూడుసార్లు పక్క మారుతుంది, అంచు మీద పడుకుంటే అక్కడ ఫోమ్ అణిగి అది కిందికి జారుతుంది.

ఒక మామూలు సైజు మగ ల్యాబ్‌ను తీసుకుంటే ముక్కు నుంచి తోక మొదలుకు దాదాపు 36 అంగుళాలు, వీపు నుంచి గోళ్లకు 26 అంగుళాలు వచ్చాయనుకుందాం. అంటే దానికి కావాల్సింది సుమారు 44 × 30. ఇప్పుడు "ల్యాబ్‌కు లార్జ్" అని అమ్మే 36 × 24 పరుపుతో పోల్చి చూడండి, ముడుచుకుంటే తప్ప పట్టదు. పగ్‌కు పొడవు 18, 20 అంగుళాల దగ్గర వస్తుంది కాబట్టి 26 × 20 ఉంటే హాయిగా సరిపోతుంది. ఇవి లెక్క అర్థం కావడానికి చెప్పినవి, మీ కుక్కను మీరు కొలవాల్సిందే. ఆన్‌లైన్లో చూసేటప్పుడు అంగుళాలా సెంటీమీటర్లా అన్నది కూడా రెండుసార్లు చూసుకోండి, 90 సెంటీమీటర్లు అంటే పెద్దగా వినిపిస్తుంది కానీ అది 35 అంగుళాలు మాత్రమే.

ఇక రకాల సంగతి, ఎందుకంటే ఒకే కొలత అన్ని రకాల పరుపులకూ పనిచేయదు.

చుట్టూ దిండులా ఎత్తైన అంచు ఉండేవి చూడటానికి చాలా బాగుంటాయి, తల ఆనించుకుని పడుకునే అలవాటున్న కుక్కలకు నిజంగానే నచ్చుతాయి. కానీ వాటి మీద రాసే సైజు బయటి కొలత. బయట 42 × 32 ఉండి, ఎక్కడానికి ముందు వైపు వదిలేసి మిగతా మూడు వైపులా 6 అంగుళాల అంచు ఉందనుకోండి, పొడవులో రెండు వైపులా కలిపి 12 పోతుంది, వెడల్పులో ఒక 6 పోతుంది, లోపల మిగిలేది 30 × 26. ఎక్స్ఎల్ అని డబ్బులు పోసి కొన్నది ల్యాబ్ పొడవుకు కూడా రాలేదన్నమాట. కాబట్టి అంచున్న పరుపు కొనేటట్టయితే లోపలి కొలత ఎంతో అడగండి, పేజీలో రాయకపోతే అమ్మేవాళ్లకు మెసేజ్ పెట్టండి, చెప్పలేకపోతే ఆ పరుపు వదిలేయండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం అక్కర్లేదు.

గుండ్రంగా, బొచ్చుతో మెత్తగా ఉండేవి, డోనట్ బెడ్లు అంటారు, ముడుచుకుని పడుకునే కుక్కల కోసం చేసినవి. వీటికి మాత్రం లెక్క తిరగబడుతుంది. ఇక్కడ మరీ పెద్దది కొంటే లాభం లేదు, అంచు వీపుకు తగిలితేనే ఆ కుక్కకు భద్రంగా అనిపిస్తుంది, పెద్ద డోనట్‌లో చిన్న షిట్జూను వేస్తే అది గంపలో ఒంటరి కోడిపిల్లలా ఒక మూలకు చేరుతుంది. కుక్క ముడుచుకున్నప్పుడు దాని చుట్ట అడ్డకొలత ఎంతో చూసి, లోపలి చోటు దానికంటే 3, 4 అంగుళాలు ఎక్కువ ఉండేలా తీసుకోండి. పటాకులకు, ఉరుములకు భయపడి మంచం కిందికి దూరే కుక్కలకు ఇది మంచి ఎంపిక. కానీ హైదరాబాద్‌లో ఏసీ లేని గదిలో, అదీ మార్చి తర్వాత, ఆ బొచ్చు పరుపులో ఏ కుక్కా పడుకోదు. పగ్‌ల లాంటి చప్పిడి ముక్కు కుక్కలకైతే అసలు వద్దంటాను, వాటికి ఒంట్లో వేడి బయటికి పంపడమే కష్టం.

అంచు లేని చదును పరుపు మన ఇళ్లకు అన్నింటికంటే పనికొచ్చేది అని నా అభిప్రాయం. రాసిన సైజంతా వాడుకునే చోటే, మూలల్లోనూ కాళ్లు చాపొచ్చు, ముసలి కుక్క కూడా అంచు దాటాల్సిన పని లేకుండా ఎక్కుతుంది, ఎండలో వేయడం, దులపడం తేలిక. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే చదును పరుపులో ఎప్పుడూ పెద్దదే తీసుకోండి, డోనట్‌లో చిన్నది తీసుకున్నా నడుస్తుంది.

ఎత్తైన కాళ్ల మీద వల బట్ట బిగించిన కాట్లు ఇప్పుడు బాగా దొరుకుతున్నాయి. మన నవారు మంచం పద్ధతే, కింద నుంచి గాలి ఆడుతుంది. మే నెలలో రామగుండం, రెంటచింతల వైపు 45 డిగ్రీలు దాటే రోజుల్లో, విజయవాడ ఉక్కపోతలో ఫోమ్ పరుపు కంటే ఇది వంద రెట్లు మేలు. దీనికి సైజు చూసేటప్పుడు రెండు విషయాలు: కొలత పైపుల బయటి నుంచి కాకుండా లోపల బట్ట ఉన్నంత మేర తీసుకోవాలి, ఎందుకంటే పైపు మీద మోచేయి పెడితే ఒరుసుకుంటుంది. రెండోది, ఎన్ని కిలోలు మోస్తుందో రాసి ఉంటుంది, మీ కుక్క బరువు కంటే కనీసం 10 కిలోలు ఎక్కువ మోసేది తీసుకోండి, లేకపోతే కొన్ని నెలలకే మధ్యలో జారి ఊయలలా అయిపోతుంది, అందులో పడుకుంటే వెన్ను వంగిపోతుంది. కీళ్ల నొప్పులున్న ముసలి కుక్కకు, పొట్టి కాళ్ల డాక్స్‌హండ్‌కు ఎత్తు కాట్ వద్దు, రోజూ ఎక్కి దూకడం వాటి నడుముకు మంచిది కాదు.

సైజు అంటే పొడవు, వెడల్పే అనుకుంటాం కానీ మందం కూడా సైజే. పరుపు మీద మీ మోకాలు పెట్టి బరువంతా వేయండి. నేల గట్టిగా తగిలితే మీ కుక్క మోచేతికి కూడా తగులుతుంది. 10 కిలోల లోపు కుక్కకు 2 అంగుళాల మందం చాలు, 25 కిలోలు దాటితే 4 అంగుళాలు ఉండాలి, అదీ నొక్కితే మళ్లీ లేచే ఫోమ్ అయి ఉండాలి. పెద్ద కుక్కలు ఏళ్ల తరబడి గ్రానైట్ మీద, సిమెంటు మీద పడుకుంటే మోచేతుల దగ్గర జుట్టు రాలి, చర్మం నల్లగా మొద్దుబారి కాయ కాస్తుంది, ఒక్కోసారి అక్కడ నీరు చేరి ఉబ్బుతుంది కూడా. ల్యాబ్‌లలో, జర్మన్ షెపర్డ్‌లలో తుంటి కీళ్ల సమస్య ఎక్కువ, వాటికి ఐదారేళ్లు వచ్చాక మందం విషయంలో పిసినారితనం చేయొద్దు. ముధోల్ హౌండ్ లాంటి సన్నటి వేటకుక్కల సంగతి ఇంకో రకం, బరువు తక్కువే అయినా ఒంటి మీద కొవ్వు ఉండదు, ఎముకలే నేలకు తగులుతాయి, అందుకే బరువు చార్టు చూసి పల్చటి పరుపు కొంటే వాటికి అన్యాయం చేసినట్టే. వాటి పొడవు కాళ్లకు వెడల్పు కూడా చాలా కావాలి.

కుక్కపిల్లకు మాత్రం మంచి పరుపు ఇప్పుడే కొనకండి. రెండు నెలల ల్యాబ్ పిల్ల 5 కిలోలు ఉంటుంది, ఏడాది తిరిగేసరికి దానికి నాలుగైదు రెట్లు దాటేస్తుంది. ఆ మధ్యలో పళ్లు వచ్చే నెలల్లో కనిపించిందల్లా కొరుకుతుంది, ఫోమ్ ముక్కలు మింగితే పేగుల్లో అడ్డం పడి ఆపరేషన్ దాకా వెళ్లే ప్రమాదం ఉంది. పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి నాలుగు మడతలు పెట్టి వేయండి, పాసు పోస్తే ఉతికి ఆరేయొచ్చు, పిల్ల పెరిగేకొద్దీ మడతలు విప్పుకుంటూ పోవచ్చు. చిన్న జాతులు 9 నుంచి 12 నెలలకు ఎదుగుదల పూర్తి చేసుకుంటాయి, ల్యాబ్, షెపర్డ్ లాంటివి 12 నుంచి 18 నెలలు తీసుకుంటాయి, గ్రేట్ డేన్ లాంటి భారీ వాటికి రెండేళ్లు పట్టొచ్చు. అప్పుడు కొలిచి కొనండి. అప్పటిదాకా ఆగలేమంటే పెద్దయ్యాక సరిపోయే చదును పరుపు కొని, ఒక పక్కకు దుప్పటి చుట్టలు పెట్టి చోటు తగ్గించండి. నాటు కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్లకు ఎంత పెరుగుతుందో ముందే తెలియదు కాబట్టి వాళ్లు ఆగడం ఇంకా మంచిది.

అమెరికాలో, కెనడాలో ఉన్న మనవాళ్లు ఎక్కువగా క్రేట్, అంటే కుక్క పడుకునే బోను లాంటి పెట్టె, వాడతారు. క్రేట్‌లో వేసే పరుపుకు పై లెక్కలేవీ వద్దు, క్రేట్ సైజే పరుపు సైజు. అక్కడ క్రేట్లు 24, 30, 36, 42, 48 అంగుళాలని నంబరుతోనే అమ్ముతారు, పరుపు మీద కూడా అదే నంబరు ఉంటుంది. కానీ లోపలి ట్రే బయటి కంటే ఒకటి రెండు అంగుళాలు తక్కువ ఉంటుంది, మందం ఎక్కువున్న పరుపు వేస్తే పై కప్పు తలకు తగులుతుంది, ఈ రెండూ చూసుకోండి.

రెడీమేడ్‌లో మీ కొలత దొరక్కపోతే, ముఖ్యంగా 44 అంగుళాలు దాటాక ధరలు బాగా పెరిగిపోతాయి కాబట్టి, మీ ఊళ్లో పరుపులు కుట్టే కొట్టుకు వెళ్లండి. కుక్కకు అని చెప్పడానికి ఇబ్బంది పడక్కర్లేదు, చాలామంది కుట్టిస్తున్నారు. 44 × 30, 4 అంగుళాల మందం అని చెప్పి, ఫోమ్ 32 డెన్సిటీదో 40దో (ఫోమ్ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె ఇది) అడగండి, పెద్ద కుక్కకు 40 తీసుకోండి, కొంచెం ఖర్చైనా తొందరగా అణగదు. కొబ్బరి పీచు పరుపు గట్టిగా, చల్లగా ఉంటుంది, దాని మీద ఒక అంగుళం ఫోమ్ వేయిస్తే మన ఎండలకు బాగుంటుంది, కాకపోతే కొరికే కుక్క ఆ పీచు పీకి ఇల్లంతా పోస్తుంది. బూరుగు దూది మాత్రం వద్దు, నాలుగు రోజులకే ఉండలు కట్టి మధ్యలో గుంట పడుతుంది, తడిస్తే ఆ ఉండలు ఇంకా గట్టిపడతాయి. ఫోమ్‌కు నీళ్లు పట్టని గుడ్డతో ఒక తొడుగు, దాని మీద జిప్పున్న మందపాటి నూలు కవరు, కింద వైపు జారకుండా రబ్బరు చుక్కల గుడ్డ, ఇలా మూడూ చెప్పి కుట్టించండి. గ్రానైట్ నేల మీద పరుపు జారితే ముసలి కుక్క దాని మీద కాలు పెట్టడానికే భయపడుతుంది. కవర్లు రెండు తీసుకుంటే మంచిది, వానాకాలంలో ఒకటి ఆరేలోపు ఇంకోటి వేయొచ్చు.

ఉతకడం కూడా సైజుతో ముడిపడిన విషయమే. పెద్ద పరుపు మొత్తంగా ఇంట్లో వాషింగ్ మెషిన్‌లో పట్టదు, కవరు ఊడదంటే ఇక అది ఉతకరు, అంతే. పిడుదులున్న ఇంట్లో అది చాలా ఇబ్బంది, అవి పరుపు కుట్లలో, గోడ పగుళ్లలో దాక్కుంటాయి, కుక్కకు మందు వేసి పరుపు వదిలేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. కవరు ఊడిరాని పరుపు ఎంత చవకైనా నేను ఎవరికీ చెప్పను.

కొనే ముందు పరుపు వేసే చోటు కూడా కొలవండి. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో 44 × 30 అంటే చిన్నది కాదు, తలుపు తెరుచుకోవాలి, రాత్రి లేచి నడిచేవాళ్లకు అడ్డం రాకూడదు, ఫ్యాను గాలి తగలాలి, బాల్కనీలో అయితే మధ్యాహ్నం ఎండ ఎక్కడిదాకా వస్తుందో చూడాలి. చోటు చాలకపోతే కుక్కకు ఇష్టమైన చోట చిన్న పరుపు కుక్కడం కంటే ఇంకో గదిలో సరైన సైజు వేయడం మేలు అనిపిస్తుంది కానీ, కుక్క మనుషులున్న చోటే పడుకుంటుంది, కాబట్టి సోఫా పక్కన ఉన్న స్టూలో, షూ ర్యాకో జరిపి అక్కడే చోటు చేయండి. రెండు కుక్కలుంటే రెండు పరుపులు వేయండి, ఒక పెద్దది కాదు. అవి కలిసి పడుకున్నా సరే, ఒకదానికి ఒంట్లో బాగాలేని రోజు విడిగా పడుకునే చోటు ఉండాలి.

పరుపు వచ్చాక ట్యాగ్ తీయకుండా, మీద ఒక పాత దుప్పటి పరిచి వేయండి, రిటర్న్ గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకుని ఆ లోపల గమనించండి. తల గానీ వెనక కాళ్లు గానీ ఎప్పుడూ బయటే ఉంటున్నాయంటే పొడవు చాలలేదు. ముడుచుకుని మాత్రమే పడుకుంటోంది, అదే కుక్క నేల మీదైతే చాపుకుంటోందంటే వెడల్పు చాలలేదు. పూర్తిగా పక్కన నేల మీద పడుకుంటే మాత్రం వెంటనే సైజును తప్పుపట్టకండి, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడో, ఏసీ వేసినప్పుడో పరుపు ఎక్కుతుందేమో చూడండి. అప్పుడు ఎక్కితే సైజు సరైనదే, దానికి ఉక్కపోస్తోంది, మందపాటి పరుపు రాత్రికి ఉంచి పగటికి ఒక కాట్ చూడండి. చల్లగా ఉన్నప్పుడు కూడా ఎక్కకపోతే మళ్లీ సుద్దముక్కతో కొలిచి, దుప్పటి తీసేసి, ట్యాగ్‌తో సహా ప్యాక్ చేసి వెనక్కి పంపేయండి.